దీపం లేని తావు

గువ్వలగుంట కాలనీలో పంకజాక్షక్క పిండిమర తెలియని ఇల్లు లేదు. తిరుపతిలో కరకంబాడి రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగితే కాలనీ మొదట్లోనే ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. అందులో సగం ఆమె మర, సగం నా దుకాణం. మధ్యలో ప్లైవుడ్ అడ్డం. కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టడం నా పని. ఆమె మర తిరిగినంతసేపూ నా బల్ల మీద స్క్రూలు వణుకుతుంటాయి. టీ గ్లాసు మూత పెట్టడం మరిచిపోతే రాగిపిండి తేలుతుంది. ఇన్నేళ్లలో దాని గురించి మేమిద్దరం ఒక్క మాట అనుకోలేదు. ఆమె మోటారు ఆగితే నేను పోతాను. నేను అన్నానికి ఇంటికి పోకపోతే ఆమె పిలుస్తుంది.

అక్కది పలమనేరు పైన ఒక చిన్న పల్లె. పెళ్లయి తిరుపతికి వచ్చింది. మర పెట్టింది ఆమె భర్త. ఆయన పోయినాక మర అమ్మేయమని చెప్పినవాళ్లు చాలామంది. ఆమె ఎవరికీ జవాబు చెప్పలేదు. కర్మలన్నీ అయినాక ఒక పొద్దున వచ్చి బెల్టు బిగించి, స్విచ్ వేసింది. జవాబు అదే.

ఆమెకు ఒక అలవాటు ఉంది. ఎవరు ఏ గింజలు తెచ్చినా, గరాటులో పోసే ముందు నాలుగు గింజలు తీసి షెడ్డు బయట గోడ వారగా విసురుతుంది. రాగులైనా, జొన్నలైనా, శనగలైనా అంతే. కొత్తగా వచ్చినవాళ్లు అది దిష్టి తీయడం అనుకునేవాళ్లు. ఒకసారి నేనే అడిగాను.

"అదేం లేదప్పా. మా నాయన విత్తే చేత్తోనే నాకు అన్నం పెట్టినాడు. నేను పొద్దన్నుంచి మాపటిదాకా గింజను పొడి కొడతాండా. అంతా పొడే అయితే ఎట్ల? నాలుగన్నా మొలవాల."

నిజంగానే మొలిచేవి. వానాకాలంలో మా షెడ్డు గోడ పొడుగునా కాలువ అంచున రాగి, సజ్జ, పెసర కలగాపులగంగా లేచి నిలబడేవి. మున్సిపాలిటీ వాళ్లు కాలువ తీసేటప్పుడు పెరికేసేవాళ్లు. అక్క ఆ పూట ఎవరితోనూ సరిగా మాట్లాడేది కాదు.

మర ఎదురుగా ఒక ఖాళీ స్థలం ఉండేది. లేఅవుట్ వేసినప్పుడు పార్కు అని వదిలిపెట్టారట. పార్కు రాలేదు. కంపచెట్లు వచ్చాయి. ఇళ్లు కట్టినవాళ్లంతా మిగిలిన ఇటుక ముక్కలు, కంకర, పగిలిన టైల్సు అక్కడే పారబోశారు. పందులు ఈనేవి. ఆ స్థలాన్ని చూస్తూ అక్క మర నడిపింది. చూసీ చూసీ ఒక ఆదివారం కొడవలి తీసుకుని పోయి, దారి పక్కన ఉన్న కంపను ఒక్కతే కొట్టడం మొదలుపెట్టింది. నేను షెడ్డు మూసి గొడ్డలితో పోయాను. పాలు పోసే చిన్నబ్బ సైకిలు ఆపి కాసేపు చూశాడు.

"ఏందక్కా, గుడి కడతాండావా?"

"గుడి కాదు, నీ సమాధి. ఆ సైకిలు ఆడ నిలబెట్టి వచ్చి ఆ మోడు పట్టుకో."

చిన్నబ్బ పట్టుకున్నాడు. కాలనీ చివర ఆయనకు ఆవులున్నాయి. పేడ ఎక్కడ వేయాలా అని రోజూ ఎవరో ఒకరితో గొడవ. తోట అంటే పేడకు చోటు దొరుకుతుందని ఆయన లెక్క. కాలనీ సంఘం పెద్ద దేవనాథన్ గారు. దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, నిలువు నామం, నిదానమైన మాట. ఆయన పోయి సంబంధించిన ఆఫీసులో అడిగి వచ్చారు. పార్కు కోసం వదిలిన స్థలమే కాబట్టి పచ్చగా ఉంచితే అభ్యంతరం లేదన్నారు, గోడలు మాత్రం కట్టకూడదన్నారు. అంతే చాలనుకున్నాం.

ఆ తర్వాత జరిగిందంతా పనే. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కంప వేర్లు తీశాం, కంకర ఏరాం. ఏరినకొద్దీ కంకర పైకి వచ్చేది. కొత్త మట్టి తోలించాం. పాత బోరుకు ఒక మోటారు బాగుచేసి దింపాను. మూలన ఇనుప స్టాండు మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టాం. ఇంటికొక మడి ఇచ్చాం. మొదటి ఏడు ఆకుకూరలు, వంకాయ, గోంగూర వచ్చాయి. దేవనాథన్ గారు ఉల్లి, ములక్కాయ, ముల్లంగి తినరు. ఆయన మడిలో అరటి, కంద, పూజకు తులసి.

"స్వామి తినేటివి మాత్రమే పెడదామంటే తోటలో సగం మళ్లా కంపే పెరగాల" అనేవాడు చిన్నబ్బ.

"కంప కూడా నేను తినను నాయనా, అది నీకే" అనేవారు దేవనాథన్ గారు.

అందరి మడుల్లోనూ ఏదో ఒకటి వచ్చింది. అక్క మాత్రం తన మడి దున్ని, ఎరువు వేసి, ఏమీ పెట్టకుండా ఒక ఏడాది ఆపింది. మట్టి ముందు మెత్తబడాలని చెప్పేది. అసలు సంగతి ఆ ఏడు చివర ఆమె తమ్ముడు దామోదరం వచ్చినప్పుడు తెలిసింది.

వాళ్ల పల్లెలో చెనక్కాయల చేనులో సాలుకు సాలుకు మధ్య చిక్కుడు జాతి అనప వేసేవాళ్లు. చెనక్కాయలు పెరికినాక చేనంతా అనపదే. చలికాలం మొదలై మంచు కురిస్తే కాయకు జిడ్డు పట్టి ఒక వాసన వస్తుందట. చేతికి అంటితే సబ్బుతో కడిగినా పోదట. బస్సులో కూర్చుంటే పక్కవాళ్లు ఏ ఊరమ్మా మీది అని అడగకుండానే పలమనేరు పక్క అని తెలుసుకునేవాళ్లట. ఇదంతా అక్క ఎన్నోసార్లు చెప్పింది. గింజల్ని నానబెట్టి, ఒక్కొక్కటి వేళ్ల మధ్య పితికి, తోలు తీసి, ఆ పితికిపప్పుతో కూర చేసి సంగటిలోకి తినడం గురించి చెప్పేటప్పుడు మర చప్పుడు కూడా ఆమెకు వినిపించేది కాదు.

ఆ చేను ఇప్పుడు లేదు. కొత్త రోడ్డు దాని మీదుగా పోయింది. ఇల్లు ఉంది, పల్లె ఉంది, చేను లేదు. దామోదరం ఇప్పుడు పాలడెయిరీలో పని చేస్తున్నాడు. చివరి పంటలో దాచిన విత్తనం బూడిద కలిపి డబ్బాలో పెట్టి ఉంచాడు. అది తెచ్చి అక్కకు ఇచ్చాడు. రెండు దోసిళ్లు ఉంటాయి.

"ఇంతేనక్కా ఉండేది. గింజకు వయసైపోతాంది. ఈ ఏడు నేలలో పడకపోతే ఇంగ మొలవదు. నాకు వేసేదానికి తావు లేదు."

అక్క డబ్బా మూత తీసి చెయ్యి లోపల పెట్టి చాలాసేపు అట్లానే ఉంచింది.

"అంతా వేసేస్తా" అంది. "సగం దాచి పెడితే రెండు పక్కలా పోతాది."

సంగతి అది. ఆ మడిలో మొలిచి కాస్తే ఆ అనప ఉంటుంది. కాయకపోతే అంతటితో సరి. బజారులో దొరికేది వేరే. అది పాకెట్లలో వచ్చే రకం, ఏ కాలంలో వేసినా కాస్తుంది, వాసన ఉండదు.

ఇక్కడ దీపం సంగతి చెప్పాలి. తోట పక్క సందులో స్టెల్లా అని ఒక నర్సు ఉంటుంది. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఇంటి పిల్ల. ఆమెకు ఆస్పత్రిలో మాపటి డ్యూటీ ఎక్కువ. ఆ సందులో దీపం లేదు. మొదటి ఏడు వానల్లో డ్యూటీ నుంచి వస్తూ కాలువలో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. మరునాడు అక్క మర మూసి, కాలనీ ఆడవాళ్లను వెంటపెట్టుకుని మున్సిపాలిటీకి పోయింది. ఒకసారి కాదు, దీపం వచ్చేదాకా పోతూనే ఉంది. వేసవిలో స్తంభం వచ్చింది. సరిగ్గా తోటకు సందు పక్కనున్న మూలన పాతారు. పైన తెల్లటి పెద్ద దీపం. పనివాళ్లు దాన్ని సందు వైపు తిప్పి బిగిస్తుంటే అక్క మజ్జిగ చెంబు తీసుకుని పోయింది.

"అప్పా, దాని మొగం కొంచెం ఇట్ల తిప్పండి. తోటకు కూడా ఎలుగు పడనీండి. పురుగూ పుట్రా ఉంటాయి."

వాళ్లు తిప్పారు. ఆ మాపు దీపం వెలగగానే అక్క కొబ్బరికాయ కొట్టింది. స్టెల్లా నవ్వి, "స్తంభానికి కుంకుమ కూడా పెట్టక్కా" అంది. పెట్టింది.

తొలకరి వాన పడగానే అక్క విత్తనం వేసింది. సాలు తీసింది నేను, గింజ వేసింది ఆమె. తన మడిలో చోటు చాలక పక్కనున్న స్టెల్లా మడి కూడా అడిగి తీసుకుంది. "కాయలు వచ్చినాక నీకు పితికిపప్పు నేనే చేసి పెడతా" అని మాట ఇచ్చింది. పాత గింజ కదా, సగమే మొలిచింది. ఆ మొలిచిన సగాన్ని ఆమె సాకిన తీరు చూడాలి. మర ఆపినప్పుడల్లా పోయి చూసి వచ్చేది. వాన తగినంత పడింది. తీగ సాగింది, ఆకు అరచెయ్యంత అయింది, మడి నిండి దారి మీదికి పాకింది.

చిన్నబ్బ పోటీకి దుకాణం నుంచి పాకెట్ అనప తెచ్చి తన మడిలో వేశాడు. అది మోకాలెత్తు పెరిగి వినాయక చవితి దాటగానే పూతకు వచ్చింది, కాయలు కూడా పట్టింది. అక్క మడిలో ఆకు తప్ప ఏమీ లేదు.

"దానికి కాలం ఉండాది" అంది అక్క. "పొద్దు తగ్గాల, చలి తగలాల. తొందర పడేదానికి అది పాకెట్ నుంచి వచ్చినాదా?"

దీపావళి దాటింది. కార్తీకం సగమైంది. దామోదరం ఫోనులో చెప్పాడు, వాళ్ల ఊరి పక్క పొలాల్లో అనప విరగబూసిందని. ఇక్కడ అక్క మడిలో ఆకు, ఆకు, ఇంకా ఆకు.

"అక్కా, అది మా ఆవులకన్నా వేయి. పాలన్నా పెరుగుతాయి" అన్నాడు చిన్నబ్బ.

"నీ ఆవు మూతి నా సాలు పక్కకు వచ్చినాదంటే నీ పాలక్యాన్లో తవుడు పోస్తా."

"పోస్తే పోయి. ఇప్పుడు పోసే నీళ్ల కంటే అదే మేలు అంటారు జనం."

దేవనాథన్ గారు మడి చుట్టూ నెమ్మదిగా తిరిగి, "ఎరువు ఎక్కువైందమ్మా. మనిషికైనా అంతే. తిండి బలిస్తే పని జరగదు" అన్నారు.

"స్వామీ, ఈ మాట ప్రసాదం పంచే తావులో సెప్పండి, జనం తగ్గుతారు" అన్నాడు చిన్నబ్బ.

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. నీళ్లు తగ్గించి చూసింది. కొసలు తుంచి చూసింది. బూడిద చల్లింది. మరలో పని చేస్తూ చేస్తూ ఆగి వీధి వైపు చూసేది. రాగులు తెచ్చిన ఒకామె, "ఏం పంకజాక్షీ, పిండి బరకగా పడతాంది" అంటే ఉలిక్కిపడి రాళ్లు బిగించింది. అట్లాంటి పొరపాటు ఆమె పనిలో నేను ఎప్పుడూ చూడలేదు.

ఒక సాయంత్రం ట్యాంకు వాల్వు కారుతుందంటే పానా తీసుకుని తోటకు పోయాను. అక్క కూడా వచ్చింది. పొద్దు గుంకుతోంది. ట్యాంకు స్టాండు ముందు నిలబడి నేను వాల్వు తిప్పుతుంటే అక్క, "మునిచంద్రా" అని పిలిచింది. పోయి చూశాను. ట్యాంకు వెనక మూలలో, ఆమె మడి నుంచి పాకిన నాలుగు తీగలకు పూత వచ్చింది. తెల్లటి పూలు, కొంచెం ఊదా కలిసి, గుత్తి గుత్తిగా. మిగతా మడిలో ఒక్క పువ్వు లేదు.

"ఈడ మాత్రం ఎట్ల వచ్చింది?" అంది. వంగి మట్టి చేతిలోకి తీసుకుంది. అదే మట్టి. అవే నీళ్లు.

అంతలో టక్కుమని స్తంభం మీద దీపం వెలిగింది. తోటంతా తెల్లబారింది. ట్యాంకు నీడ నల్లగా పడింది. ఆ నీడ అంచు ఎక్కడుందో పూత అంచు అక్కడే ఉంది. గీత గీసి కోసినట్టు. నేను నీడలో చెయ్యి పెట్టి చూశాను, బయట పెట్టి చూశాను. అక్క దీపం వైపు తల ఎత్తింది. ఆమె చీకటి పడుతుంటే చేలో పని చేసి వచ్చిన మనిషి. ఏం జరిగిందో ఆమెకు నేను చెప్పనక్కర్లేదు. పొద్దు తగ్గాల అని ఆమే కదా అంది. ఈ మడిలో జూన్ నుంచి పొద్దు గుంకనే లేదు. దానికి ఇంకా ఎండాకాలమే.

"నేనే తిప్పించినా" అంది. "మజ్జిగ ఇచ్చి మరీ తిప్పించినా."

చేతిలోని మట్టిని మడిలోకి జారవిడిచింది. తర్వాత, "ఇది ఎవురికీ సెప్పొద్దు" అంది.

"ఎందుకు? దీపాన్ని ఇటు తిప్పించిందే మనం. మళ్లా..."

"వద్దప్పా. దాన్ని తిప్పితే సందు ఆ కొసన చీకటి పడతాదేమో. ఆ పిల్ల చెయ్యి ఇంగా వాన వస్తే నొప్పి పుడతాది. అనప కోసం దీపం ఆపమన్నారని రేపు ఎవరైనా అంటే? నేను అడిగి తెచ్చిన దీపం. నా నోటితో వద్దనలేను."

"మరి విత్తనం?"

"నాలుగు తీగలు పూసినాయి గదా" అని మర వైపు నడిచింది.

ఆ నాలుగు తీగల పూతను మరుసటి వారం పేనుబంక పట్టింది. సగం రాలింది.

నేను మాట ఇచ్చాను కాబట్టి నోరు మూసుకున్నాను. కానీ దుకాణంలో కూర్చుంటే కళ్లు స్తంభం మీదికే పోయేవి. దీపం కట్టిన వంకర పైపు, దాని బిగింపు, వెలుగు ఏ కోణంలో పడుతోంది, ఎక్కడ ఆపొచ్చు. చేతిలో ఉన్న మోటారు కాయిల్ మీద చుట్లు తప్పిపోయేవి.

సంగతి బయటపెట్టింది స్టెల్లానే. ఒక మాపు డ్యూటీకి పోతూ మర ముందు ఆగింది.

"అక్కా, నా పితికిపప్పు ఎప్పుడు? నా మడి కూడా తీసుకున్నావు."

"ఈ ఏడు లేదులేమ్మా. గింజ పాతది."

"గింజ పాతదా? ట్యాంకు వెనక పూసిందిగా. నేను రోజూ ఈ దారినే పోతాను, చూడనా?" అని స్టెల్లా బ్యాగు కింద పెట్టింది. "నీడలో ఉన్నదే పూసింది. దీపం పడినచోట పూయలేదు. నిజమా కాదా?"

అక్క గరాటు అంచు గుడ్డతో తుడవసాగింది. నేను నా పక్క నుంచి గొంతు సవరించుకున్నాను. స్టెల్లా ఇద్దరినీ చూసింది.

"మీ ఇద్దరికీ తెలుసు! తెలిసి నాకు చెప్పలేదు. అక్కా, మా నాయన రొయ్యల వలకు అమావాస్య ముందూ వెనకా మాత్రమే పోయేవాడు. వెన్నెల బాగా ఉంటే వల వేసినా దండగ అనేవాడు. మా అమ్మ ఒడ్డున లాంతరు పట్టుకుని నిలబడితే, అది కూడా దించమని అరిచేవాడు. చీకటి కావలసినవి ఉంటాయని నాకు ఎవరో చెప్పాలా? దీపం తీసేయించుదాం పద."

"తీసేయించేదానికి నేను ఒప్పుకోను" అంది అక్క. "నువ్వు మళ్లా పడితే?"

"పడితే ఇంకో చెయ్యి ఉంది."

"నోరు మూయి."

దాంతో నేను అక్కకు ఇచ్చిన మాట తీరిపోయింది. ప్లైవుడ్ అడ్డం పక్కకు వచ్చి, "ఎవరూ ఏమీ తీసేయనక్కర్లేదు. రేకు మరుగు పెడదాం. సందుకు వెలుగు పోదు, తోటకు చీకటి వస్తుంది" అన్నాను.

"ఇన్నాళ్లూ ఏం చేస్తాండావు మరి?" అంది అక్క కోపంగా.

"నువ్వే కదా నోరు మూసుకోమన్నావు."

"నోరు మూసుకోమన్నా. చేతులు కాదు."

నూనె డబ్బా రేకు కోసి, వంచి, రివిట్లు కొట్టి ఒక పక్క తెరిచిన టోపీ మాదిరి చేశాను. లైన్‌మన్‌ను అడిగితే, దీపాన్ని ముట్టుకోకుండా పైపుకు క్లాంపుతో బిగించుకోమన్నాడు, తనే నిచ్చెన పట్టుకున్నాడు. మొదటిరోజు మాపు తోట చీకటైంది, సందు వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం. పొద్దున దేవనాథన్ గారు కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చారు.

"మునిచంద్రా, మీ రేకు అద్దంలా మెరుస్తోంది. ఆ వెలుగంతా తిరిగి మా మేడ మీద పూజగదిలో పడుతోంది. పెరుమాళ్లుకు నిద్ర లేదు, నాకూ లేదు."

నాది తప్పే. రేకు లోపలి పక్కను ఆలోచించలేదు. దించి, నల్ల రంగు రెండుసార్లు పూసి, ఎండబెట్టి మళ్లీ ఎక్కించాను. ఈసారి ఎవరికీ ఇబ్బంది లేదు.

తర్వాత చేసేది ఏమీ లేదు, కనిపెట్టుకుని ఉండడమే. ధనుర్మాసం వచ్చింది. దేవనాథన్ గారింట్లో తెల్లవారుజామున పాశురాలు వినిపిస్తుంటే, అదే సమయానికి అక్క తోటలో ఉండేది. ఒకరోజు షెడ్డు తాళం తీస్తుంటే నా దగ్గరికి వచ్చి అరచెయ్యి చాపింది. మొగ్గ తుంచలేదు. రాలిన ఒక పూరేకు అంతే.

"మడి నడుమ నుంచి" అంది.

పూత ఆలస్యం కదా, ఒకపక్క ఎండ ముదురుతోంది. వచ్చిన పూతలో చాలావరకు రాలిపోయింది. మిగిలింది కాయ పట్టింది. కొంచెమే. ఒక జల్లెడ నిండుతుందో లేదో. కాలనీలో అందరూ అడగడం మొదలుపెట్టారు, పితికిపప్పు ఎప్పుడని. అక్క మాట ఇచ్చిన మనిషి. ఏం చేస్తుందా అని చూశాను.

ఆదివారం తోటలోనే పొయ్యి పెట్టింది. చిన్నబ్బ మడిలో పాకెట్ అనప రెండో కాపు బుట్టల నిండా ఉంది. అది ఒలిపించి ముందురోజే నానబెట్టింది. ఆడా మగా అందరూ చాప మీద కూర్చుని పితికారు. దేవనాథన్ గారు తాను తినకపోయినా పితకడానికి వచ్చి కూర్చున్నారు. ఆయన వేళ్ల నుంచి పప్పు ఎగిరి చిన్నబ్బ ముక్కుకు తగిలింది.

"గురి బాగుండాది స్వామీ."

"ఉల్లిపాయ వాసన ఎక్కడుందో అక్కడికే పోయింది నాయనా."

పెద్ద గుండిగలో సంగటి, పితికిపప్పు. అందరూ మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు. చిన్నబ్బ తన కాయలేనని పదిమందికీ చెప్పుకున్నాడు. అక్క కూడా తిని, "బాగుండాది" అంది. అబద్ధమేమీ కాదు, కూర బాగుంది.

తన మడిలో కాయలు మాత్రం ఒక్కటి కూడా కోయనివ్వలేదు. అవి చెట్టు మీదే ఎండాలి.

అందరూ చేతులు కడుక్కుంటుండగా స్టెల్లా మడిలోకి పోయి, ఎవరూ చూడకముందే ఒక పచ్చికాయ తుంచింది. వచ్చి అక్క చెయ్యి లాగి, కాయను ఆ అరచేతిలో పెట్టి గట్టిగా నలిపింది.

"పాడు పిల్లా! దాంట్లో మూడు గింజలుండాయే! మూడు చెట్లే అవి!"

"ఉంటే ఉన్నాయి. వాసన చూడు."

అక్క చెయ్యి దులుపుకోబోయి ఆగింది. చెయ్యి మొహం దగ్గరికి తీసుకుపోయింది. కళ్లు మూసుకోలేదు, ఏమీ లేదు. ఊరికే నిలబడింది. మేమంతా ఆమెనే చూస్తున్నాం. గుండిగ కడుగుతున్నవాళ్లు కూడా ఆపారు.

"అదేనా అక్కా?" అంది స్టెల్లా.

"అదే" అంది. మళ్లీ వాసన చూసింది. "ఉండాది. యాడో అడుగున ఉండాది. మంచు సాలదు ఈడ. ఈ గాలికి జిడ్డు పట్టదు." అరచెయ్యి మూసి, "అదే, గాని దూరంగా ఉండాది" అంది.

ఆ పూట మిగతా గిన్నెలు ఆమె కుడిచెయ్యి తడవకుండా ఎడమచేత్తో తోమింది. నేను చూశాను.

కాయలు ఎండినాక కొట్టి, చెరిగి చూస్తే దామోదరం తెచ్చిన దానికంటే కొంచెం ఎక్కువే వచ్చింది. ఒక్కచోట ఉంచితే నమ్మకం లేదని ఇంటికింత పంచింది. స్టెల్లాకు, దేవనాథన్ గారికి, చిన్నబ్బకు కూడా. "తినేసినావంటే నీ కడుపులో మొలుస్తాది" అని చిన్నబ్బను బెదిరించింది. అందరికీ బూడిద కూడా ఆమే కలిపి ఇచ్చింది.

అప్పుడే నాకు పలమనేరులో ఒక రైసుమిల్లు మోటారు పని వచ్చింది. పొద్దున్నే బస్సుకు పోతూ షెడ్డు దగ్గర ఆగాను. అక్క ఒక పాత గుడ్డలో కట్టిన మూట నా చేతికి ఇచ్చింది. మిగిలిన వాటిలో మంచి గింజలన్నీ ఏరి కట్టినట్టుంది, బరువుగా ఉంది.

"ఇది దామోదరానికి ఇయ్యి. తొలకరికి వేయమను."

"ఆయనకు చేను లేదు కదక్కా."

"లేకపోతే పోనీ. గట్టు మీద సల్లమను, దిబ్బ మీద సల్లమను, ఎవురి కయ్య పక్కనన్నా అడుక్కుని సల్లమను. ఆ కొత్త రోడ్డు పక్కన మాత్రం వద్దను. ఆడ వరసగా దీపాలంట గదా. దీపం లేని తావు సూసి సల్లమను."

"సరే. ఇంకేమైనా చెప్పాలా?"

ఎవరో తెచ్చిన రాగుల సంచి విప్పి, నాలుగు గింజలు తీసి గోడ వారకు విసిరింది.

"వచ్చే సలికాలం పొద్దున్నే లేసి మంచు ఎట్ల పడతాందో సూసి, నాకు ఫోను చేయమను" అంది. "కాయ సంగతి తర్వాత."

స్విచ్ వేసింది. నా బల్ల మీద స్క్రూలు వణకడం మొదలుపెట్టాయి. మూట సంచిలో పెట్టుకుని బస్సుకు నడిచాను.